తీసేయలేని ఉద్యోగం ఉద్యోగమేనా?

ఆటిజం ఉన్న ఒక యువకుణ్ణి తన ఆఫీసులో చేర్చుకున్న సంగతి చెబుతూ ఒక పరిచయస్తుడు ఈమధ్య, "ఏం జరిగినా సరే, ఆ అబ్బాయిని మాత్రం తీసేసేది లేదు" అన్నారు. ఆ మాటలో గర్వం ఉంది. అది ఉత్తుత్తి గర్వం కూడా కాదు. ఎందరో మేనేజర్లు ఇంటర్వ్యూకైనా పిలవని మనిషికి ఆయన కుర్చీ, కంప్యూటర్, జీతం ఇచ్చారు. వింటున్నవాళ్లంతా మెచ్చుకున్నారు. నేను మాత్రం, పని ఎలా చేస్తున్నాడని అడిగాను.

బిల్లుల వివరాలు కంప్యూటర్లోకి ఎక్కించడం అతని పని. అంకెల్లో తిరుగులేదట. తేదీ దగ్గర మాత్రం నెలనూ రోజునూ తారుమారు చేస్తాడట. మరి ఏం చేస్తున్నారని అడిగితే, "సాయంత్రం అతను వెళ్లాక ఇంకొకరు కూర్చుని సరిచేస్తారు. అతనికి చెప్పం, బాధపడతాడు" అన్నారు. చేరినప్పటి నుంచీ ఇదే వరస.

అంటే ఆ అబ్బాయి రోజూ ఒకే తప్పు చేస్తున్నాడు, ఒకరు రోజూ దాన్ని చాటుగా దిద్దుతున్నారు, ఆ సంగతి ఆఫీసులో అతనికొక్కడికే తెలియదు. తెర మీద తేదీ గడిని మూడుగా విడగొట్టి, ఒక్కొక్కదాని పైన 'రోజు', 'నెల', 'సంవత్సరం' అని రాసిపెడితే బహుశా పోయే తప్పు అది. ఎవరికీ తట్టలేదు, ఎందుకంటే తప్పు ఉందని ఎవరూ పైకి అనలేదు. నేను అంటే ఆయన "చూద్దాం" అన్నారు. చూస్తారనే నమ్మకం, మంచి మనిషే. నా పేచీ ఆయనతో కాదు, ఆయన ఇచ్చిన మాటతో.

మేధో వైకల్యమో ఆటిజమో ఉన్న మనిషికి మనం ఇస్తున్నది నిజంగా ఉద్యోగమే అయితే అది పోవడానికి కూడా వీలుండాలన్నది నా వాదన. పోయిన మర్నాడు పక్కన నిలబడి ఇంకోటి వెతికే మనిషి కూడా ఉండాలి. ఈ రెండో సగాన్ని వదిలేసి మొదటి సగాన్నే పట్టుకుంటారేమోనన్న భయంతోనే ఇది రాస్తున్నాను.

సిద్ధమయ్యే దాకా ఆగమన్నవాళ్లు

సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ అంటే వైకల్యం ఉన్న మనిషిని మామూలు ఉద్యోగంలోనే చేర్చి, పక్కన తోడ్పాటు ఉంచడం. దాని గురించి తెలిసినవాళ్లకు సూత్రం కొత్తగా చెప్పనక్కర్లేదు. ముందు ఉద్యోగం, శిక్షణ ఆ ఉద్యోగంలోనే. అది దేని మీద తిరుగుబాటుగా పుట్టిందో మాత్రం తరచూ మరిచిపోతాం. అంతకుముందు దశాబ్దాల తరబడి నడిచినవి, వైకల్యం ఉన్నవాళ్ల కోసమే విడిగా పెట్టిన షెల్టర్డ్ వర్క్‌షాపులు. కవర్లలో కాగితాలు పెడుతూ, మరలు లెక్కపెట్టి సంచుల్లో వేస్తూ బయటి ఉద్యోగానికి 'సిద్ధం' కావాలి. సిద్ధమయ్యాడని తేల్చాల్సింది ఆ వర్క్‌షాపే. చేయి తిరిగినవాడు బయటికి పోతే పని కుంటుపడేదీ ఆ వర్క్‌షాపులోనే. ఇక సిద్ధమయ్యేది ఎప్పుడు?

1970లలో అమెరికాలో మార్క్ గోల్డ్ అనే పరిశోధకుడు ఈ లెక్కను తలకిందులు చేశాడు. 15 భాగాలున్న సైకిల్ బ్రేకును మేధో వైకల్యం ఉన్న యువకుల చేత బిగింపజేసి చూపించాడు. ఆ పని వాళ్ల వల్ల అవుతుందని అంతకుముందు ఎవరూ అనుకోలేదు. పనిని చిన్న చిన్న మెట్లుగా విడగొట్టడం, భాగాలను వాడే వరుసలో పేర్చిపెట్టడం, చేయి తప్పుదారి పట్టినప్పుడు "ఇంకోలా ప్రయత్నించు" అనడం: ఇంతే ఆయన పద్ధతి. ఇందులో నాకు అన్నిటికంటే నచ్చింది, ఆయన పొగడ్తను దాదాపుగా పక్కన పెట్టేయడం. సరిగ్గా చేస్తున్నంతసేపూ నేర్పేవాడు మాట్లాడడు. మౌనమే 'బాగుంది' అన్న సంకేతం. భుజం తట్టడాలు, చప్పట్లు లేవు. ఎదిగిన మనిషికి పని నేర్పే తీరే అక్కడ కనిపిస్తుంది.

గోల్డ్ ఇంకో మాట కూడా అనేవాడు. ఒక మనిషికి చేతనైన పని ఎంత ఎక్కువగా ఉంటే, అతని వింత పోకడలను చుట్టూ ఉన్నవాళ్లు అంత ఎక్కువగా సహిస్తారని. మనకు తెలిసినవాళ్లలోనే చూడండి. ఎవరితోనూ మాట్లాడని, ఒకే చొక్కా వేసుకొచ్చే మనిషి యంత్రాలు బాగుచేయడంలో ఘనుడైతే, "ఆయనంతే" అని సరిపెట్టుకుంటాం. అదే మనిషికి పని రాకపోతే ఆ చొక్కాయే నేరమవుతుంది. ఇప్పుడు తేదీలు తారుమారు చేస్తున్న అబ్బాయిని తలుచుకోండి. తప్పు దిద్దుకునే అవకాశం ఇవ్వకపోవడం వల్ల అతనికి పోతున్నది నైపుణ్యం ఒక్కటే కాదు. రేపు అతను మీటింగులో చెవులు మూసుకుంటేనో, ఎదురుపడ్డప్పుడు పలకరించకపోతేనో ఓర్చుకోవడానికి సహోద్యోగులకు ఉండాల్సిన కారణం కూడా పోతోంది. అప్పుడిక మిగిలేది జాలి. ఒక మేనేజరు మారితే జాలి కూడా మారిపోతుంది.

1984లో అమెరికా చట్టంలోకి సపోర్టెడ్ ఎంప్లాయ్‌మెంట్ నిర్వచనం ఎక్కింది. 1986లో, వైకల్యం ఉన్నవాళ్ల ఉపాధికి తోడ్పడే పునరావాస చట్టానికి చేసిన సవరణలతో నిధులు కూడా వచ్చాయి. ఆనాటి నిబంధనల్లో నాకు ముఖ్యంగా కనిపించేది, ఉద్యోగంలో కుదిరాక కూడా నెలకు కనీసం రెండుసార్లు తోడ్పాటు మనిషి వెళ్లి చూడాలన్న షరతు. తోడ్పాటు ఆగకూడదని రాసుకున్నారు గానీ, ఉద్యోగం పోకూడదని ఎక్కడా రాసుకోలేదు. ఆ తేడా తెలిసే రాసుకున్నారనుకుంటాను.

తమ్ముడి ఫైలులో రెండు లేఖలు

మా తమ్ముడికి మేధో వైకల్యం ఉంది. వాడి మొదటి ఉద్యోగం ఒక గోదాములో, పెట్టెల మీద చీటీలు అంటించడం. మొదట్లో బాగానే సాగింది. తర్వాత కొత్త సూపర్‌వైజర్ వచ్చి పని వరుస మార్చారు. అంతకుముందు చీటీ అంటించి ఆ తర్వాత లోపలి సరుకు చూసేవాళ్లు, ఇకమీదట సరుకు చూశాకే చీటీ. మావాడు పాత వరుసే పట్టుకున్నాడు. చెబితే నలుగురి ముందూ "మీకు తెలియదు, అలా కాదు" అన్నాడు. జాబ్ కోచ్, అంటే ఉద్యోగంలో పక్కనుండి పని నేర్పే తోడ్పాటు మనిషి, కొత్త వరుసను బొమ్మలుగా గీసి వాడి బల్ల ముందు గోడకు అంటించింది. వాడు ఆ కాగితాన్ని జాగ్రత్తగా పీకి, నాలుగు మడతలు పెట్టి జేబులో దాచుకున్నాడు.

హెచ్చరిక లేఖ వచ్చింది. కోచ్ దాన్ని వాడికి అర్థమయ్యే మాటల్లో చదివి వినిపించింది. మార్పు లేదు. రెండో లేఖ వచ్చింది. ఆ తర్వాత తీసేశారు.

అమ్మ మొదట అన్న మాట, "వాడికి చెప్పొద్దు. గోదాము మూసేశారని చెబుదాం."

కోచ్ ఒప్పుకోలేదు. "అలా చెబితే రేపు ఇంకో చోట కూడా సూపర్‌వైజర్ మాట వినడమ్మా. గోదాములు వాటంతట అవే మూతపడతాయని మాత్రం అనుకుంటాడు" అంది. చివరికి తీసేసిన సంగతి ఆ సూపర్‌వైజరే వాణ్ణి కూర్చోబెట్టి, కారణంతో సహా చెప్పారు.

కొన్నాళ్లు ఇంట్లో ఎవరితోనూ సరిగా మాట్లాడలేదు. తలుపులు ధడేల్మనేవి. ఆ తర్వాత ఒక రోజు ఫోను తీసుకుని బంధువులందరికీ వరసగా చేసి, "నన్ను తీసేశారు" అని చెప్పడం మొదలుపెట్టాడు. ఆ గొంతులో దుఃఖంతోపాటు కాస్త హోదా కూడా వినిపించింది నాకు. అమ్మ ఆపబోతే, "మావయ్యను కూడా తీసేశారు కదా" అన్నాడు. మావయ్య ఉద్యోగం పోయినప్పుడు ఇంట్లో నెలల తరబడి జరిగిన చర్చంతా వాడు విన్నాడు. ఆ కథలో తనూ ఒకడయ్యాడు. చిన్నప్పటి నుంచీ వాడికి దక్కినవన్నీ వాడి కోసం ప్రత్యేకంగా తయారుచేసినవే: ప్రత్యేక బడి, ప్రత్యేక ఆటల పోటీ, అందరికీ ఇచ్చే పతకం. మావయ్యకు జరిగిందే తనకూ జరగడం అదే మొదటిసారి.

దీన్ని తీపి కథగా మార్చే ఉద్దేశం నాకు లేదు. వాడు బరువు తగ్గాడు, నిద్రపోలేదు. అయితే కోచ్ ఆ గోదాము అనుభవం నుంచి ఒక విషయం రాబట్టింది. అక్కడ ఏది నచ్చలేదో వాణ్ణే మళ్లీ మళ్లీ అడిగింది. "చప్పుడు. మనుషులు మారుతుంటారు" అన్నాడు. ఉద్యోగంలో చేరకముందు ఎన్ని పరీక్షలు పెట్టినా ఆ రెండు మాటలు బయటికి వచ్చేవి కావు. అప్పటికి వాడికే తెలియవు.

ఇప్పుడు ఒక గ్రంథాలయంలో తిరిగొచ్చిన పుస్తకాలను నంబర్ల ప్రకారం అరల్లో సర్దుతాడు. నిశ్శబ్దం, మారని నంబర్లు. అక్కడా పేచీ వచ్చింది. గడియారం అయిదు చూపగానే పుస్తకాల బండిని నడవ మధ్యలో, ఉన్నది ఉన్నట్టు వదిలేసి ఇంటికి వచ్చేసేవాడు. మర్నాడు పొద్దున లైబ్రేరియన్ మొహమాటం లేకుండా, "బండి అడ్డంగా ఉంది, ఒకావిడ తగులుకుని పడబోయారు" అని చెప్పారు. కోచ్ వాడి జేబులోని పని కార్డులో చివరి గీత పైన ఒక మెట్టు చేర్చింది: అయిదుకు పావుగంట ముందు బండి గదిలోకి. రెండు రోజులు గొణిగి, మూడో రోజు నుంచి చేశాడు. ఎందుకు ఒప్పుకున్నావురా అంటే, "లేకపోతే లేఖ ఇస్తారక్కా" అన్నాడు. గోదాము లేఖలు రెండూ ఇప్పటికీ వాడి ఫైలులో ఉన్నాయి.

నన్ను వదలని అభ్యంతరాలు

ఇంత చెప్పాక కూడా నా వాదనలో నాకే గుచ్చుకునే చోట్లు ఉన్నాయి.

అన్నిటికంటే బలమైనది ఇది. ఉద్యోగం పోవడం నాకూ వాడికీ ఒకటి కాదు. నాకు పోతే పాత పరిచయాలున్నాయి, అనుభవం రాసుకున్న కాగితం ఉంది. తమ్ముడికి రెండో ఉద్యోగం దొరకడానికి పట్టిన కాలంలో నేనైతే రెండు మారి ఉండేదాన్ని. నష్టం ఇంత అసమానంగా ఉన్నప్పుడు నియమం సమానంగా ఉండాలనడం న్యాయమేనా? 1972లో రాబర్ట్ పెర్స్కే అనే అమెరికన్ రచయిత, వైకల్యం ఉన్నవాళ్లను ప్రతి ప్రమాదం నుంచీ కాపాడటం వాళ్ల గౌరవాన్ని తీసేయడమేనని వాదించాడు. అప్పటి నుంచి ఆ ఆలోచన ఈ రంగంలో అందరి నోటా ఉంది. నిజమే. కానీ ప్రమాదం భరించేది ఒకరు, దాని గౌరవం గురించి వ్యాసాలు రాసేది నాలాంటి ఇంకొకరు.

డబ్బు సంగతి ఇంకా చిక్కు. అమెరికాలో వైకల్యం వల్ల ఎస్సెస్సై భృతి (ఆదాయం, ఆస్తి తక్కువున్నవాళ్లకు ప్రభుత్వం నెలనెలా ఇచ్చే డబ్బు) తీసుకునే ఒంటరి మనిషి దగ్గర లెక్కలోకి వచ్చే ఆస్తి 2,000 డాలర్లు దాటకూడదు. 1989 నుంచి ఆ అంకె కదలలేదు. జీతం పెరిగేకొద్దీ భృతి తగ్గుతుంది. ఉద్యోగం పోతే మళ్లీ కాగితాలు, మళ్లీ ఎదురుచూపు. అలాంటి చోట కన్నవాళ్లు "పోగలిగే ఉద్యోగం మాకొద్దు" అంటే వాళ్లను పిరికివాళ్లని నేను అనలేను. అక్కడ మారాల్సింది వాళ్ల ధైర్యం కాదు, ఆ నియమం.

ఇంకో అభ్యంతరం కొంచెం చిలిపిది. మామూలు ఆఫీసుల్లో పని చేయకుండా కూర్చున్నవాళ్లను ఎవరు తీసేస్తున్నారు? యజమాని మేనల్లుడికి హెచ్చరిక లేఖ ఎవరిస్తారు? అందరికీ లేని కఠినత్వం ఈ ఒక్కడికేనా అని అడగవచ్చు. అడగాలి కూడా. అయితే ఆ మేనల్లుణ్ణి చూసి ఆఫీసంతా వెనకాల ఏమనుకుంటుందో మనకు తెలుసు. తమ్ముడి గురించి ఎవరూ అలా అనుకోకూడదు.

మరి సర్దుబాటుకూ ఉపేక్షకూ గీత ఎక్కడ? రాసిపెట్టిన కార్డు, చప్పుడు లేని మూల, నెమ్మదిగా నేర్చుకునే గడువు, చివరికి నలుగురి పనుల్లోంచి అతనికి సరిపడేవి ఏరి కొత్త ఉద్యోగంగా కూర్చడం కూడా సర్దుబాటే. అలా కూర్చినప్పుడు ప్రమాణాన్నే తగ్గించారు కదా అని మొదట నేనూ సందేహించాను. ప్రమాణం ఎంత అన్నది బేరమాడుకోవచ్చు, కానీ ఆ బేరం అతని ఎదుట, అతనికి తెలిసేలా జరగాలి. గంటకు ఇన్ని పెట్టెలు అని ఒప్పుకున్నాక అన్ని చేయాలి. చాటుగా దిద్దడం ఆ బేరంలో భాగం కాదు.

క్షణక్షణం ఒకరి సాయం లేనిదే గడవనివాళ్ల విషయంలో నా వాదన ఎంతవరకు నిలుస్తుందో చెప్పలేను. వాళ్లకు ఉద్యోగం వద్దనే వాదనను మాత్రం ఒప్పుకోను. మార్క్ గోల్డ్ బ్రేకులు బిగింపజేసిన యువకుల గురించి కూడా అదే అన్నారు.

ఎవరూ బయటికి పోని చోటు

భద్రత అన్న మాట వినగానే నాకు ఐయోవా రాష్ట్రంలోని ఆటలిస్సా అనే చిన్న ఊరు గుర్తొస్తుంది. టెక్సస్ నుంచి తీసుకొచ్చిన మేధో వైకల్యం ఉన్న మగవాళ్లను అక్కడ ఒక పాత బడి భవనంలో ఉంచి, దగ్గర్లోని టర్కీ కోళ్ల కర్మాగారంలో దశాబ్దాల పాటు పని చేయించారు. 1970లలో మొదలైన ఆ ఏర్పాటు 2009లో బయటపడింది. ఎన్ని గంటలు పనిచేసినా వాళ్ల చేతికి వచ్చింది నెలకు 65 డాలర్లు. 2013లో జ్యూరీ 32 మందికి 24 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలంది. చట్టంలో ఉన్న పరిమితి వల్ల అది 16 లక్షలకు కుదించుకుపోయింది. ఊరివాళ్లు ఆ మనుషులను ఆప్యాయంగానే చూసేవారు. నీడ ఉంది, పని ఉంది, ఉద్యోగం పోతుందన్న బెంగ లేదు.

మా పరిచయస్తుడి ఆఫీసును దీనితో పోల్చడం లేదు, అది అన్యాయం. కానీ తీసేయడం అన్న తలుపు లేని చోట మానేయడం అన్న తలుపు కూడా మెల్లగా మూసుకుపోతుంది. "ఇంత మంచిగా చూసుకుంటున్నారు, ఎలా మానేస్తావు?" అంటారు ఇంట్లోవాళ్లే. వైకల్యం ఉన్నవాళ్ల హక్కులపై ఐక్యరాజ్యసమితి 2006 ఒడంబడికలోని 27వ అధికరణం, స్వేచ్ఛగా ఎంచుకున్న పనితో బతికే హక్కు గురించి మాట్లాడుతుంది. మానేసే దారి లేనప్పుడు ఎంచుకున్నాడని ఎలా అంటాం? బిల్లులు ఎక్కించే పని విసుగ్గా ఉందా అని ఆ అబ్బాయిని ఎవరైనా అడిగారో లేదో.

అలాగని ఉన్న చోట్లను మూసేసి చేతులు దులుపుకోవడం కూడా నేను సమర్థించేది కాదు. 1944 చట్టంతో బ్రిటన్‌లో వైకల్యం ఉన్నవాళ్లకు పని ఇవ్వడానికి వచ్చిన ప్రభుత్వ రెంప్లాయ్ ఫ్యాక్టరీల్లో మిగిలినవి 2012, 2013లలో మూతపడ్డాయి. వైకల్యం ఉన్నవాళ్లు అందరితో కలిసి పనిచేయాలన్న కారణం చెప్పారు. కారణం మంచిదే. కానీ చాలామందికి వెంటనే వేరే పని దొరకలేదు, ఉన్న స్నేహితులూ దూరమయ్యారు. రెండో సగం మరిచిపోతే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ అక్కర్లేదు.

కోచ్ మీద ఉండే ఒత్తిడి

ఆ రెండో సగం జాబ్ కోచ్ చేతిలో ఉంటుంది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లు పైకి ఒప్పుకోని సంగతి ఒకటుంది. ఉద్యోగం నిలబడటం కోసం కొందరు కోచ్‌లు ఆ పని తామే చేస్తారు. పక్కన నిలబడి చూపించాల్సిన చేయి, మెల్లగా పెట్టెలు మూయడం మొదలుపెడుతుంది. యజమాని సంతోషిస్తాడు, అంకెలు బాగుంటాయి. కోచ్ రాని రోజున గుట్టు బయటపడుతుంది. నేర్పాక వెనక్కి తగ్గడం ఈ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. 1988లో జాన్ నిస్బెట్, డేవిడ్ హాగ్నర్ అనే పరిశోధకులు సాయం బయటి నుంచి వచ్చే కోచ్ నుంచే అందాలన్న అలవాటును ప్రశ్నించారు. పక్క బల్ల మనిషి, సూపర్‌వైజర్ సహజంగా ఇచ్చే సాయం ఎక్కువకాలం నిలుస్తుందన్నారు. మా లైబ్రేరియన్ చేసింది అదే. తప్పును ఆవిడే చెప్పారు, కోచ్ కార్డు మాత్రం మార్చింది.

కోచ్‌లను తప్పుపట్టి లాభం లేదు, డబ్బు వచ్చే దారి అలా ఉంది. అమెరికా పునరావాస విభాగాల్లో సాధారణంగా 90 రోజులు ఉద్యోగంలో నిలబడితే కేసు విజయవంతంగా ముగిసినట్టు లెక్క. తొంభై ఒకటో రోజున కొత్త సూపర్‌వైజర్ వస్తే ఏం కావాలో ఆ లెక్క చెప్పదు. ఈ ఒత్తిడిలో "దయచేసి తీసేయకండి" అని యజమానిని బతిమాలుకోవడం, "ఎక్కడ తేడా వస్తోందో నాకూ అతనికీ చెప్పండి" అనడం కంటే తేలిక.

అందుకే ఈ పని చేసే సంస్థల వాళ్లు ఎదురుపడితే ఎంతమందికి ఉద్యోగాలు ఇప్పించారని నేను అడగను, ఎన్ని పోయాయని అడుగుతాను. ఒక్కటీ పోలేదన్నవాళ్లను రెండో ప్రశ్న అడగాలనిపించదు. ఈమధ్య ఒకావిడ మాత్రం తడుముకోకుండా తన పుస్తకం తెరిచి ఒక యువతి సంగతి చెప్పింది. మొదటి ఉద్యోగం ఆలస్యంగా వస్తుందని పోయింది. రెండోది తనే మానేసింది. మూడోది వచ్చినవాళ్లను మరీ దగ్గరగా నిలబడి పలకరిస్తుందని పోయింది. నాలుగోది ఒక ఆస్పత్రి లాండ్రీలో, మధ్యాహ్నం షిఫ్టు, వచ్చిపోయేవాళ్లు లేని గది. పొద్దున ఆలస్యంగా లేచినా ఇబ్బంది లేదు, ఎవరినీ పలకరించే పనీ లేదు. మూడు ఉద్యోగాలు పోతే గానీ ఆ నాలుగోది ఎలా ఉండాలో తెలియలేదని ఆవిడే అంది. నిధులిచ్చేవాళ్ల ఫారంలో ఆ మూడూ వైఫల్యాల గడిలోనే ఉన్నాయట. నాలుగోదాని కోసం ఆ అమ్మాయికి సాయం అర్హత ఉందని మళ్లీ మొదటి నుంచి రుజువు చేయాల్సి వచ్చిందట.